పళ్ళాయన ఫుల్‌ఫ్రేమ్ కెమెరా

పేటలో అందరూ ఆయన్ని పళ్ళాయన అంటారు. అలాగని ఆయన డాక్టరేమీ కాదు. పళ్ళ డాక్టరు గదికి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేస్తారు. పేటలో పెద్దవాళ్ళ నవ్వుల్లో సగం ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. ఆయన మాత్రం పెద్దగా నవ్వరు.

ఆదివారం పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని కాలువగట్టుకు వెళతారు. అక్కడొక లకుముకి పిట్ట ఉంది. ఆరేళ్ళుగా దాని వెంట పడ్డారు. ఫొటోలు బాగానే వచ్చేవి గానీ, కాస్త మబ్బు పడితే చాలు, గసగసాలు చల్లినట్టు చుక్కలు. "ఫుల్‌ఫ్రేమ్ కొనండి సార్, చీకట్లో కూడా ఫ్లాష్ అక్కర్లేదు" అని కంపౌండరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, చివరికి కొన్నారు. లెన్సు మాత్రం పాతదే.

మొదటి ఆదివారం తీసిన ఫొటో కంప్యూటర్లో పెట్టి భార్యను పిలిచారు.

"పిట్టేదండీ?"

"అదిగో, కొమ్మ మీద."

ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని చూశారు. "ఇంత చిక్కిపోయిందేంటి? ఒంట్లో బాలేదా దానికి?"

ఆయన ఓపిగ్గా చెప్పారు. పాత కెమెరా లోపల బొమ్మ పడే పలక చిన్నది, మధ్య ముక్కే పట్టేది, అందుకే ఫొటో నిండా పిట్ట ఉండేది. దీని పలక పెద్దది, చుట్టూ ఉన్నదంతా పడుతుంది.

"అంటే పిట్టని తప్ప అన్నిట్నీ బాగా చూస్తుందన్నమాట."

ఆయన కంప్యూటర్ కట్టేశారు.

రెండో ఆదివారం పిట్టకు దగ్గరగా జరగబోయి కాలువలో పడ్డారు. పిట్ట ఎగిరిపోయింది. కెమెరాను నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉండగా, గట్టు మీద వెళుతున్న పెద్దాయన ఒకరు ఆగి నమస్కారం పెట్టారు.

"కింది వరస కాస్త వదులైంది సార్."

"రేపు రండి" అన్నారు పళ్ళాయన.

మూడో ఆదివారం వాన. ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్ళతోనే ఉంటున్న అత్తగారు కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. ఆవిడకు ఫ్లాష్ పడదు. పెళ్ళి ఫొటోతో సహా ఇంట్లో ఉన్న అన్ని ఫొటోల్లోనూ ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆయన కెమెరా ఎత్తగానే గబగబా కొంగు సర్దుకున్నారు.

"ఎప్పుడు తీస్తారు బాబూ? ఎంతసేపని కళ్ళు తెరిచి కూచోను?"

"అయిపోయిందండీ, అత్తయ్యగారూ."

"మరి మెరవలేదే?"

"దీనికక్కర్లేదు."

కంప్యూటర్లో చుక్కల్లేవు. మసక గది, వాన వెలుతురు, తెరిచిన రెండు కళ్ళు. భార్య వంటింట్లోంచి వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేశారు. అత్తగారు చాలాసేపు చూశారు.

"మా అమ్మ" అన్నారు. "అమ్మకి ఒక్క ఫొటో కూడా తీయించలేదు. ఎలా ఉండేదో మర్చిపోయాననుకున్నా. అచ్చం ఇలాగే చూసేది." ఇంకాస్త ముందుకు వంగి, "పళ్ళొక్కటే తేడా" అన్నారు.

"అవి నేను చేసినవి కదండీ" అన్నారాయన.

ఆ సంగతి ఫోన్లో విని అత్తగారి చెల్లెలు నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చారు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే ప్రింటు వేయించిన ఫొటో అందుకుని, కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ చూశారు.

"అమ్మ ఇంత లావు కాదు" అని, తనకూ ఒక కాపీ కావాలన్నారు.