సముద్రం మోత వచ్చే డబ్బా

"సముద్రం మోత వచ్చే డబ్బా ఉందాండీ?" అని అడిగింది గంగాభవాని, మా కొట్టు మెట్టు మీద నిలబడి.

పొద్దున్నే, ఇంకా బోణీ కాలేదు. ఒళ్ళు మండింది నాకు. తెనాలిలో ఇన్నేళ్ళుగా స్పీకర్లూ ఆంప్లిఫయర్లూ అమ్ముతున్నాను, చెడిపోతే బాగుచేస్తున్నాను. పెళ్ళి పందిట్లోకి అడిగారు, గుళ్ళోకి అడిగారు, మసీదులోకి అడిగారు. ఈమధ్య కుర్రకారంతా హోమ్ థియేటరంటూ వచ్చి, కిటికీ అద్దాలు దడదడలాడాలి అంకుల్ అంటున్నారు. సముద్రం కావాలని మాత్రం ఎవరూ రాలేదు.

"సముద్రమూ ఉంది, హిమాలయాలూ ఉన్నాయి. ఏది పొట్లం కట్టమంటావు?" అన్నాను. నా నోరు అలాంటిది. శ్రీమన్నారాయణ అని దేవుడి పేరు పెట్టుకుని ఆ మాటలేమిటని మా ఆవిడ రోజూ తిడుతూనే ఉంటుంది.

ఆమెకు కోపం రాలేదు. సంచిలోంచి తువ్వాలు చుట్టిన చిన్న టేప్ రికార్డరు తీసి బల్ల మీద పెట్టి మీట నొక్కింది. సర్రుమని ఒకటే చప్పుడు.

"విన్నారా బాబూ? చేపలు వేపుతున్నట్టు లేదూ? మా సముద్రం ఇట్టా ఉండదండి. అది అడుగునుంచి వచ్చుద్ది. ఇక్కడ తగులుద్ది" అంటూ అరచేత్తో గుండె మీద కొట్టుకుని చూపించింది.

అప్పుడు చూశాను ఆమె ముఖం సరిగ్గా. నలభై దాటి ఉండవు. కళ్ళ కింద నలుపు, మెడలో పసుపుతాడు తప్ప ఇంకేమీ లేదు. "కూర్చోమ్మా" అన్నాను. స్టూలు లాగాను.

వాళ్ళది వాడరేవు. భర్త గంగాధర్ వేటకెళ్ళేవాడు, ఆమె చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని చీరాల వీధుల్లో అమ్మేది. సునామీ వాళ్ళ చెక్క పడవని ముక్కలు చేసి, ఇంజన్ని ఇసుకలో పాతేసి పోయింది. ఆయన ఆ ఇంజన్ని తవ్వి తీసి, కిరసనాయిలుతో కడిగి, తిట్టి, బతిమాలి మళ్ళీ నడిపించాడు. సాయం కింద కొత్తగా వచ్చిన ఫైబరు పడవకి దాన్నే బిగించాడు. కొత్తది కొనుక్కోరాదూ అని అందరూ అంటే, గంగమ్మ మింగి కక్కిందిరా, దీనికింక చావులేదు అనేవాడట.

ఒకరోజు పడవని అలలోకి నెడుతుంటే, అల వెనక్కి తన్ని పడవ ఆయన నడుం మీదికి వచ్చింది. బాపట్ల తీసుకెళ్ళారు. అక్కణ్ణించి తెనాలి పంపించారు. ప్రాణం నిలబడింది గాని నడుం కిందంతా చచ్చుబడిపోయింది. ఆసుపత్రి వెనక సందులో ఒక రేకుల గది అద్దెకు తీసుకుని నెలల తరబడి అక్కడే ఉన్నారు. వీపు మీద పుళ్ళు, ఆగని జ్వరం. కదిలించి మళ్ళీ వాడరేవుదాకా తీసుకెళ్ళారంటే దారిలోనే పోతాడని డాక్టరు చెప్పాడు.

"నిద్దర లేదండి ఆయనకి" అంది గంగాభవాని. "చెవులు ఖాళీగా ఉన్నాయే అంటాడు. రేవుకి తీసుకుపో, ఒక్కసారి వినిపించు అంటాడు. ఎట్టా తీసుకుపోను? మా తమ్ముడు కొండయ్య చేత ఇది పట్టించి తెప్పించాను. వినిపిస్తే మొహం తిప్పుకున్నాడు."

"సునామీ అంత పని చేసింది. ఇంకా ఆ చప్పుడు మీదే మోజేంటమ్మా?"

"కొట్టినా తిట్టినా తల్లే గదండీ" అంది.

నాదీ ఆ వైపే. రేపల్లె దగ్గర నగరం మా ఊరు. సముద్రం హోరు ఏ దిక్కునుంచి వస్తోందో విని మా తాత రేపు వానో ఎండో చెప్పేవాడు. ఆ హోరు చెవితో వినేది కాదు, మంచంలో పడుకుంటే వీపుకి తెలిసేది. చిన్న స్పీకరుకి అది చేతకాదు. ఎంత అరిచినా నురగ చప్పుడే చేస్తుంది తప్ప అల విరిగే చప్పుడు రాదు. దానికి లోతు మోత పలికే, పెద్ద అట్ట ఉన్న స్పీకరు, ఊఫరు కావాలి. అది ఊగడానికి గట్టి పెట్టె కావాలి.

ముందు కొట్టులో తక్కువ ధరలో ఉన్న సెట్టు పెట్టి చూపించాను. నీలం లైట్లు, ప్లాస్టిక్ మూతి. క్యాసెట్టు వేస్తే ప్రతి అలకీ ఒకటే గుద్దు. ఆమె ముఖం చిట్లించింది. నిజమే, ఆ డబ్బాలన్నీ అంతే. పైన పటారం, లోన లొటారం. మంచిది ఆమెకి అందదు.

మా కొట్టు పక్కన లాల్ అహమ్మద్ చెక్కపని చేస్తాడు. పిలిచాను.

"భాయ్, నా దగ్గర చెడిపోయిన సెట్టులోది ఎనిమిదంగుళాల ఊఫరుంది. దానికి పెట్టె కట్టిపెట్టాలి. ఎక్కడా గాలి కారకూడదు."

"ఎవరికన్నా? పెళ్ళికా?"

"మంచాన ఉన్న మనిషికి."

అతను వెంటనే పనిలోకి దిగాడు. లావుపాటి ప్లైవుడ్డు కోసి, అతుకుల్లో జిగురూ రంపపు పొట్టూ కలిపి కూరాడు. లోపల దూది పరిచాడు, ముందువైపు గాలి ఆడటానికి ఒక గొట్టం పెట్టాడు. నేను పాత ఆంప్లిఫయరు ఒకటి బాగుచేసి, రెండు చిన్న స్పీకర్లతో జత చేశాను. మా ఇద్దరి కూలీ మాట ఆమె ఎత్తితే నేను కసురుకున్నాను.

పెట్టె మోయించుకుని ఆ సందులోకి వెళ్తున్నప్పుడు గంగాభవాని ఆగిపోయింది.

"బాబూ, ఒక్క మాట. ఆయన ముందు పడవ ఊసెత్తమాకండి. అది అమ్మేశాను. ఈ ఖర్చులకి తట్టుకోలేక, ఇంజనుతో సహా అమ్మేశాను. ఆయనకి తెలీదు. లేచి మళ్ళీ వేటకెళ్తానన్న ఆశ మీదే ఉన్నాడండి. ఆ ఆశ పోతే మనిషి పోతాడు."

"నాకెందుకమ్మా మీ సంసారం గొడవ" అన్నాను.

గదిలో అడుగుపెట్టగానే పుండు వాసన, డెట్టాలు వాసన. గంగాధర్ ఛాతీ ఇంకా వేటగాడి ఛాతీయే. దుప్పటి కింద కాళ్ళు మాత్రం ఉన్నాయో లేవో తెలియనట్టున్నాయి. "రండి బాబుగారూ" అని దణ్ణం పెట్టి, వెంటనే భార్య వైపు తిరిగాడు.

"ఏమే, పడవ?"

"ఒడ్డునే ఉంది మావా. తాటాకులు కప్పించాను. తమ్ముడు రోజూ చూస్తన్నాడు."

"ఎండకి పగులుద్ది. రెండు వరసలు కప్పమను."

"అట్టాగే."

ఆమె ముఖంలో ఒక్క గీత కదల్లేదు. నేను గబగబా వైర్ల మీదికి వంగాను.

ఊఫరుని ఎక్కడ పెడితే అక్కడ పలకదు. మూలన పెడితే మోత పెరుగుతుందని ముందు మూలన పెట్టాను. పెరిగింది. కప్పు రేకులు గజగజలాడాయి, గూట్లో స్టీలు గ్లాసు దొర్లి కింద పడింది. గంగాధర్ నవ్వాడు. "తుపానొచ్చిందండీ బాబూ" అన్నాడు.

వినే మనిషి తల ఎక్కడుంటుందో అక్కడికి కుదరాలి మోత. అందుకని నేను నేల మీద మోకాళ్ళేసి, ఆయన తలగడ పక్కన నా తల పెట్టాను. గంగాభవాని పెట్టెని గోడ వెంబడి జరుపుతూ వచ్చింది. ఒకచోట మరీ పలచగా ఉంది, ఇంకోచోట ఉబ్బిపోయింది. "ఇంకాస్త... ఇంకాస్త... ఆపు!" మూలకి మూరెడు ఇవతల, గోడకి కొంచెం ఎడంగా కుదిరింది. కింద గోనెసంచి మడతపెట్టాను. చిన్న స్పీకర్లు రెండూ కిటికీలో పెట్టాను, నురగ చప్పుడు వాటిది. కడుపులోంచి వచ్చేది పెట్టెది. రెండూ ఎక్కడ కలుస్తున్నాయో తెలియకుండా మీట తిప్పుతూ పోయాను. నా పనిలో అదే అసలు కష్టం.

క్యాసెట్టు మొదటికి తిప్పి వేశాను.

ముందు నురగ సర్రుమంది. దాని వెనక ఎక్కడో దూరంగా నీళ్ళు లేచి, పొడుగ్గా ముందుకొచ్చి విరిగాయి. మంచం పట్టె సన్నగా అదిరింది. గంగాధర్ దాని మీద అరచెయ్యి పరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో అల విరిగింది. కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"వచ్చిందే" అన్నాడు. "వచ్చేసింది."

గంగాభవాని మంచం దగ్గర కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నాకూ ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎన్ని పెళ్ళిళ్ళకి మైకులు కట్టినా ఏం లాభం, ఇదీ పనంటే అనుకున్నాను. ఆయన ఊపిరి నెమ్మదించింది. నిద్రలోకి జారుతున్నాడు.

అప్పుడు పెట్టెలో ఏదో కొట్టుకోవడం మొదలైంది.

డుగ్, డుగ్, డుగ్. ఒక ఖాళీ. మళ్ళీ డుగ్, డుగ్, డుగ్. ఒక ఖాళీ. అల మోత కింద ఎక్కడో, సన్నగా. చిన్న టేపులో ఇది వినపడలేదు. లాల్ అహమ్మద్ అతుకు ఊడిందో, నా వైరే సరిగా బిగియలేదో అనుకుని, ఓరి నీ దుంపతెగ అంటూ మీట తగ్గించాను.

గంగాధర్ కళ్ళు తెరిచాడు. "తగ్గించమాకండి బాబూ."

"ఏదో లోపం అయ్యా. లోపల కొట్టుకుంటోంది. ఒక్క నిమిషంలో తీసేస్తాను."

"లోపం కాదండి. పెంచండి."

"తీసెయ్యండి బాబూ! ఆపెయ్యండి!" గంగాభవాని ఒక్క ఉదుటున లేచి వైరు మీదికి చెయ్యి చాపింది. ఆమె ముఖంలో రక్తం లేదు.

"భవానీ" అన్నాడాయన. గట్టిగా కూడా అనలేదు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నేనేం చెయ్యాలో తోచక మీట పెంచాను. ఆ కొట్టుకోవడం దగ్గరికొచ్చింది, ఎదురుగా పోయింది, మెల్లగా దూరమైంది. ఏదో ఇంజను ఒడ్డు నుంచి లోపలికి పోతోంది. మూడు దెబ్బలు సరిగా కొట్టి, నాలుగోది మింగుతోంది.

"నత్తి" అన్నాడు గంగాధర్, కప్పు వైపు చూస్తూ. "ఇసకలోంచి తీసిన కాణ్ణించీ దానికి నత్తి. వాడరేవు మొత్తానికీ ఇంకో ఇంజనుకి లేదు బాబుగారూ. ఎంత దూరంలో ఉన్నా ఈవిడకి తెలిసిపోయేది. అదుగో నీ నత్తోడు వస్తన్నాడని అందరూ ఏడిపిస్తుంటే, బుట్ట తీసుకుని ఒడ్డుకి పరిగెత్తేది." తర్వాత మెల్లగా అడిగాడు. "పడవ ఎక్కడుందే?"

"ఒడ్డునే ఉంది మావా" అంది గంగాభవాని. రోజూ చెప్పే మాటే చెప్పింది. "తాటాకులు... తాటాకులు కప్పించాను గదా."

"ఒడ్డున ఉన్న పడవ చప్పుడు చెయ్యదే."

క్యాసెట్టు తిరుగుతూనే ఉంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. భూమి చీలితే అందులోకి పోదును.

"ఎవరికిచ్చావు?"

"మన రేవు రాజారత్నానికి."

"ఎప్పుడు?"

"బాపట్ల నుంచి నిన్ను ఇక్కడికి తెచ్చిన వారమే." అంతే, ఆమె కట్ట తెగింది. "ఏం చెయ్యమంటావు మరి? నిన్ను బస్టాండులో పారేసి, నీ పడవ పక్కన కూర్చుని ఏడవమంటావా? అమ్మాను. మళ్ళీ అయినా అమ్ముతాను! నాకు పడవ కావాలా, నువ్వు కావాలా?"

"నిన్నేమన్నా అన్నానా" అన్నాడాయన. నా వైపు తిరిగాడు. "పెట్టె బాగా చేశారండి బాబుగారూ. అంతా వినపడింది."

నేను ఆ సందు దాటేదాకా వెనక్కి చూడలేదు. పని పాడైతే తిట్లు తినడం నాకలవాటే. పని బాగా కుదిరి ఇలా అయితే ఎవణ్ణి తిట్టాలి?

ఆ తర్వాత ఒకసారి మందుల షాపు దగ్గర గంగాభవాని కనిపించింది. నిద్రపోతున్నాడా అని అడిగాను. పోతున్నాడంది. పొద్దస్తమానం అదే పనంది. క్యాసెట్టు వెయ్యొద్దన్నాడట. అన్నం ముట్టడం లేదట, మందు మింగించబోతే పెదవులు బిగిస్తున్నాడట.

"పడవ సంగతి అడగటం మానేశాడండి" అంది. "కళ్ళు తెరవగానే పడవేదే అనేవాడు. ఆ అబద్ధం చెప్పటానికే తెల్లారి లేచేదాన్ని బాబూ నేను. ఇప్పుడు దేనికి లేవాలో తెలవటం లేదు."

కార్తీకం వెళ్ళకుండానే ఆయన పోయాడు.

కర్మకాండలన్నీ అయ్యాక, గది ఖాళీ చెయ్యడానికి ఆమె తెనాలి వచ్చింది. రిక్షాలో పెట్టె తెచ్చి మా కొట్టు ముందు దింపించింది. నుదుట బొట్టు లేదు. ఉంచుకోమ్మా, ఎప్పుడన్నా పాటలు వినొచ్చు అని ఒక పిచ్చి మాట అన్నాను.

"నాకెందుకండి ఇది" అంది. "ఆ పడవ రోజూ మా ఇంటి ముందు నుంచే పోద్ది. ఏ డబ్బా లేకుండానే వినపడుద్ది."

మెట్టు దిగబోయి ఆగింది. తన కాళ్ళ వైపు చూసుకుంది.

"నిన్నా అంతేనండి. ఆ చప్పుడు వినగానే బుట్ట తీసుకుని ఒడ్డుదాకా పరిగెత్తాను. రాజారత్నం దిగి, ఏంటొదినా అని అడిగాడు."