మూడు టిక్కుల కొలత

మా లేత్ షాపులో మందం కొలిచే మైక్రోమీటర్ నా సొత్తు. రాజోలు సెంటర్‌కి కాస్త ఇవతల, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లకి షాఫ్టులు చేసే షాపు మాది. ఆ మైక్రోమీటర్ని నూనెగుడ్డలో చుట్టి చెక్కపెట్టెలో దాచేవాణ్ణి. ఎవరైనా చెయ్యి వేస్తే ఒళ్ళు మండేది.

అలాంటిది, మా ఆవిడ షాపుకి రావడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకునేది. కాలేజీ మూతపడ్డాక, ఊరికే కూర్చోలేను, బిల్లులు రాస్తానంది. రాసినంతకాలం బాగానే ఉంది. ఒకరోజు నేను షాఫ్టు కొలుస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

"అది స్క్రూ గేజి కదండీ. అలా పిండేస్తున్నారేంటి?"

పిండడం కాదు, బిగించడం అన్నాను. దవడల మధ్య షాఫ్టు పెట్టి, ఇక కదలనంత గట్టిగా దాని గీతల డ్రమ్ము తిప్పడం నా అలవాటు. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. నా చేతిలోంచి!

షాఫ్టు చల్లారేదాకా ఆగమంది. దవడలు తుడిచి, ఖాళీగా మూసి, సున్నా సున్నా దగ్గరే ఉందని చూసుకుంది. అప్పుడు షాఫ్టు పెట్టి, డ్రమ్ము చివరనున్న రాట్చెట్ అనే చిన్న పిడిని రెండు వేళ్ళతో తిప్పింది. మూడుసార్లు టిక్కుమంది, ఆపేసింది.

"లోపలున్న మర ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు జరుగుతుందండి. ఆ చుట్టుని డ్రమ్ము మీద యాభై గీతలుగా పంచేరు. అంటే గీతకి మిల్లీమీటరులో నూరోవంతు. ముందు గొట్టం మీద గీతలు చూసి, దానికి డ్రమ్ము గీతలు కలపాలి."

గొట్టం మీద ఇరవై, డ్రమ్ము మీద రెండు. నాకు సరిగ్గా ఇరవయ్యే వచ్చింది మరి.

"మీరు గట్టిగా తిప్పితే ఈ వంపు కమ్మీ కాస్త విచ్చుకుంటుందండి. కొలత తక్కువ చూపిస్తుంది. రాట్చెట్ ఉన్నది అందుకే, చాలినంత బిగియగానే టిక్కుమని జారిపోతుంది."

అంటే ఇన్నాళ్ళూ నా షాఫ్టులన్నీ రెండు గీతలు లావు. బేరింగు సుత్తి దెబ్బలకిగాని ఎక్కేది కాదు. మా వైపు రైతులకి అదే ఇష్టం. ఎదురుగా నాలుగు దెబ్బలు పడితేనే పని గట్టిదని నమ్మేవారు. ఆ బేరింగులు వేడెక్కి అరుస్తూ మళ్ళీ మా షాపుకే వచ్చేవి.

ఆమె కొలత ప్రకారం చేశాక రావడం మానేశాయి. దాంతో రైతులు నన్ను అడగడం కూడా మానేశారు. షాపులోకి వస్తూనే "మేడమ్ గారు లేరాండీ?" అనేవారు. నాకు కుళ్ళు పుట్టింది. ఆ టిక్కుటిక్కు వినబడితే చాలు, లేత్ ఆన్ చేసేసేవాణ్ణి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇల్లూ రచ్చా ఒకే షెడ్డులో ఉన్నవాడి గతేమిటో చెప్పలేదు.

మొన్న ఆమె చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది. పొద్దున్న చెయ్యమని ఇచ్చిన షాఫ్టు కోసం ఒక రైతు వచ్చారు. మబ్బు పట్టింది, ఏరియేటర్ ఆగింది, రొయ్య పైకి తేలుతోందని కంగారుగా ఉన్నారు. నేను దవడలు తుడిచాను. సున్నా చూశాను. మూడు టిక్కులు వినగానే ఆపాను. సరిగ్గా ఇరవై. ఒక్క గీత కూడా తేడా లేదు. ఛాతీ కాస్త పొంగింది.

"మేడమ్ గారు చూసేరాండీ?" అన్నారాయన.

"నేను చూసేను కదండీ."

"అవుననుకోండి," అని బల్ల మీద కూర్చున్నారు. "మేడమ్ గారొచ్చేదాకా ఉంటానండి."

అక్కడ చెరువులో రొయ్య గాలి అందక కొట్టుకుంటోంది. ఈయన ఇక్కడ బల్ల మీద. నేను కాసేపు ఆయన్ని చూశాను, కాసేపు షాఫ్టుని చూశాను.

"ఆయ్, మేడమ్ గారు వెళ్ళే ముందే చూసేరండి," అన్నాను.

ఆయన టక్కున లేచి, షాఫ్టుని బండికి కట్టుకున్నారు. "చాలా బాగా కొలిచేరని మేడమ్ గారికి చెప్పండి," అని వెళ్ళిపోయారు.

నేనింకా చెప్పలేదు.