జతలో ఒకటి

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు అలివేలు షాపు షట్టరు దించింది. చందాపురలో మెకానిక్కులకు పనిముట్లు బాడిగకిచ్చే ఆ షాపు పట్టపగలు మూతపడటం అరుదు. లోపల భర్త వెంకటరమణ స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. ఆయన్ను లోపలే ఉంచి షట్టరు దించేశానన్న సంగతి ఆమెకు రోడ్డు దాటాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా వెనక్కి తిరగలేదు.

అంతకు ముందే ఒక క్యాబ్ డ్రైవరు జాకీ కోసం వచ్చి మాటల్లో ఒక మాట జారవిడిచాడు. "కొండయ్య షెడ్డులో నా బండి ఇంకా అట్నే ఉండాదక్కా. స్ప్రింగ్ కంప్రెసర్ ఒకటి ఆయప్ప పెట్టుకొని, ఇంకోటి పక్క షెడ్డు రియాజ్‌కి ఇచ్చినాడు. ఒక్కదాంతో పని సాగల్ల కదా."

ఆ జత పొద్దునే ఆమె దగ్గర కొండయ్య బాడిగకు తీసుకున్నది.

కారు ముందు చక్రాల వెనుక, షాకబ్జర్ చుట్టూ లావుపాటి స్ప్రింగ్ ఉంటుంది. బండి బరువు దాని మీదే. అది పాడైతే మార్చడానికి ముందు దాన్ని గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆ పని చేసేదే కంప్రెసర్. ఒక మర రాడ్డు, దానికి పైనా కిందా కొక్కేలు. అవి ఎప్పుడూ రెండు. ఒకటి స్ప్రింగుకు ఈ పక్కన, రెండోది సరిగ్గా ఎదురు పక్కన వేసి, ఇటు కొంచెం అటు కొంచెం సమంగా బిగించుకుంటూ పోవాలి. ఒక్కటే వేస్తే స్ప్రింగ్ ఒక పక్కకు విల్లులా వంగుతుంది. అప్పుడు పైనున్న నట్టు విప్పితే, ఎదురుగా ఉన్నది గోడా మనిషి ముఖమా అని అది చూడదు.

ఆరేళ్ల కిందట దాని ఎదురుగా వెంకటరమణ ముఖం ఉంది. దవడ విరిగింది, ఎడమ పక్క పళ్లు పోయాయి, కుడిచేతి పట్టు పోయింది. ఆయన దాన్ని తమాషాగానే చెబుతాడు: "సంగటి మింగేదే కానీ నమిలేది కాదు కదప్పా. నాకేం నష్టం?" విన్నవాళ్లు నవ్వుతారు. అలివేలు ఇంతవరకూ నవ్వలేదు.

ఆ రోజు జతలో రెండోది కొండయ్య దగ్గరే ఉంది. ఇద్దరూ మెకానిక్కులే, ఇద్దరిదీ కదిరి పక్క. ఒకే జత కొనుక్కుని, పని తొందర ఉన్నప్పుడు చెరొకటి పట్టుకుపోయేవాళ్లు. కొండయ్య ఆస్పత్రికి వచ్చి, అలివేలు చేతిలో చెయ్యేసి, ఇంక జన్మలో ఒక్కదాంతో స్ప్రింగ్ ముట్టనని ఒట్టు పెట్టాడు. ఆ తర్వాత ఆమె మొగుడి పనిముట్లతోనే ఈ షాపు తెరిచింది. కంప్రెసర్ విడిగా ఒకటి అడిగినవాణ్ణి నిలబెట్టి తిట్టింది. మొండిది అన్నారు, పిసినారి అన్నారు. ఆ వరసలో షెడ్లవాళ్లు నీళ్ల క్యాను పంచుకుంటారు, జాకీ పంచుకుంటారు, ఒకడి టిఫిన్ ఇంకొకడు తింటాడు. పక్కవాడు అడిగితే లేదనడం అక్కడ తప్పు. ఆ మంచితనమే వెంకటరమణ దవడ విరగ్గొట్టింది. సగం పనిముట్టు ఇచ్చినవాణ్ణి ఇప్పటికీ ఎవరూ ఏమీ అనలేదు.

ఆమె షెడ్డుకు వెళ్లేసరికి రియాజ్ షాకబ్జర్‌ను బెంచీ మీది వైసు పట్టులో బిగించి ఉన్నాడు. స్ప్రింగుకు ఒక పక్క కంప్రెసర్, ఎదురు పక్క నైలాన్ తాడు. పానా పై నట్టు మీద ఉంది. ముఖం సరిగ్గా దాని మీదికి వంచి ఉన్నాడు.

"రియాజూ, పానా తియ్యి!"

"ఒక్క నిమిషం అక్కా, నట్టు లూజ్ చేస్తే ఐపోయ."

"లూజ్ చేస్తే నువ్వే ఐపోతావు. తియ్యి. మొగం ఎనక్కి తియ్యి ముందు."

"తాడు గట్టిది అక్కా. లారీలోళ్లు కట్టేది."

"లారీకి కట్టుకో పో. నట్టు ముట్టద్దు. కంప్రెసర్‌నే మెల్లగా వదులు చెయ్యి. పక్కన నిలబడి చెయ్యి, ఎదురుగా కాదు."

రియాజ్ గొణుగుతూనే పక్కకు జరిగి రెండు చుట్లు తిప్పాడు. మూడో చుట్టుకు తాడు తెగింది. స్ప్రింగ్ ఒక్కసారిగా తాడున్న పక్కకు ఎగదన్ని, వైసుతో సహా బెంచీని ఊపేసింది. తెగిన కొస రేకు గోడకు కొట్టుకుంది. పై నట్టు ఇంకా ఉంది కాబట్టి స్ప్రింగ్ అక్కడే ఆగిపోయింది. రియాజ్ తన గడ్డం తడుముకుని చూసుకున్నాడు.

చప్పుడు విని కొండయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది వదినా?"

"వదినా అంటే పళ్లు రాలగొడతా. నా చేతిలో చెయ్యేసి ఏమంటివి నువ్వు?"

"ఈ పిలగాడే అడిగినాడు వదినా. సుమ్నే, ఊరికే కాసేపటికని ఇచ్చినా. నేనూ ఒక్కదాంతోనే కదా చేస్తాండేది, నాకేమైంది?"

"అదే కదా నేను చెప్తాండేది! ఆ పొద్దూ నీకేమీ కాలేదు. ఈ పొద్దూ నీకేమీ కాలేదు. నీకు ఎప్పుడూ ఏమీ కాదు. అయ్యేదంతా నీ పక్కనోనికి!"

అలివేలు రియాజ్ దగ్గరున్న కంప్రెసర్ విప్పించుకుంది. తర్వాత కొండయ్య షెడ్డులోకి వెళ్లి, బెంచీ మీదున్న రెండోదీ తీసుకుంది. క్యాబ్ పని మధ్యలో ఆగిపోతుందని అతను బతిమాలాడు. "ఆగనీ" అంది.

షట్టరు ఎత్తితే వెంకటరమణ చెమటతో తడిసి కూర్చుని ఉన్నాడు. ఒరిగిన దవడతో మాట ముద్దగా వచ్చింది. "నన్ను కూడా బాడిగకు ఇచ్చేసినావేమో అనుకొంటి."

"నోరు మూసుకో" అంది. తర్వాత ఆయనకు నీళ్లిచ్చింది. రియాజ్ పళ్లు ఉన్నాయని చెప్పింది. ఆయన రాడ్ల మరలను వేలితో తడిమి చూసి, కొక్కేల్లో పగుళ్లు లేవన్నాక, గొలుసు కొనడానికి హార్డ్‌వేర్ షాపుకు వెళ్లింది.

గురువారం కొండయ్య మళ్లీ వచ్చాడు. రెండు కంప్రెసర్ల పై కొక్కేల మెడలకు ఒకే గొలుసు రెండు కొసలూ చుట్టి, చెరొక తాళం వేసి ఉంది. తాళంచెవులు అలివేలు కొంగుకు ఉన్నాయి.

"ఇదేంది వదినా, ఎద్దులకు పలుపేసినట్టు?"

"ఎద్దులైతే చెప్తే ఇంటాయి. కావల్లంటే తీసుకో, లేదంటే పో."

గొలుసు మెడలో వేసుకుని, ఆ పక్కొకటి ఈ పక్కొకటి వేలాడుతుండగా కొండయ్య రోడ్డు దాటాడు. అవతల టీ అంగడి దగ్గర ఎవరో ఈల వేశారు. అతను తల తిప్పలేదు.

గొలుసు పొడవు మూడడుగులు. కొండయ్య బెంచీ నుంచి రియాజ్ బెంచీకి నలభై.