చిట్టెమ్మ చెవి మిషను

పల్లిపాలెం చిట్టెమ్మకు నోటితో ఏ లోటూ లేదు. చెవులే ముందుగా చేతులెత్తేశాయి. రేవులో చేపల వేలం పాట వినబడకపోతే సరుకు దక్కదు, సరుకు దక్కకపోతే పొయ్యి వెలగదు. అందుకే చెవి మిషను కొనుక్కుంది. దుకాణంవాడు దానికి బీమా కూడా అంటగట్టి, "ఏమైనా మాదే పూచీ" అన్నాడు. అమ్మేటప్పుడు వీళ్ల గొంతులో పంచదార పాకం ఊరుతుంది.

ఒకనాడు రేవులో వానకు తడిసి మిషను మూగబోయింది. తడిసినదాన్ని కాపాడే విద్య చిట్టెమ్మకు ఒకటే తెలుసు: ఉప్పు పట్టించి ఎండబెట్టడం. మిషనుకూ అదే చేసింది. నెత్తళ్ల చేపల పక్కన చక్కగా ఎండింది గానీ, పలకలేదు.

బీమా కంపెనీవాళ్లు మిషను విప్పి చూశారు. లోపల ఉప్పుంది కాబట్టి సముద్రంలో పడేసుకున్నారనీ, సముద్రానికి బీమా లేదనీ తేల్చేశారు. ఏరు దాటాక బోడిమల్లయ్య! నాకైతే ఒళ్లు మండింది. చిట్టెమ్మకు ఏడుపొచ్చింది. పాటలో ఎవరేమన్నారో తెలియక రోజూ ఖాళీ తట్టతో ఇంటికి పోతోంది మరి.

చివరికి అమలాపురం ఆఫీసుకు వెళ్లింది. కొత్త పాలసీలు కట్టే జనం బల్లల మీద కూర్చుని ఉన్నారు. మేనేజరు శ్రీనివాసరావు ఎదురుగా నిలబడి చెప్పింది.

"సముద్రం కాదండీ, వానండీ. ఉప్పు నేనే ఏసేనండీ."

"అయితే సొంత రిపేరు. దానికీ ఇవ్వరమ్మా" అన్నాడాయన మెల్లగా.

"ఇనబడట్లేదండీ. కాస్త గట్టిగా చెప్పండి."

"సొంత రిపేరుకి ఇవ్వం!"

"ఉప్పెయ్యకపోతే ఇచ్చేవోరాండీ?"

"వాన నీళ్లకీ ఇవ్వం!"

"మరి దేనికిత్తారండీ?"

"పడితే ఇవ్వం! పగిలితే ఇవ్వం! పోతే అసలే ఇవ్వం!"

బల్ల మీద ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని, డబ్బు జేబులో పెట్టుకుని లేచిపోయారు. శ్రీనివాసరావుకు చెమట పట్టింది. గబగబా కాగితం మీద ఏదో రాసి ఆమె ముందుకు తోశాడు.

"సదువు రాదండీ. తవరే పైకి సదవండి, ఆయ్."

ఇంకో ముగ్గురు చెప్పులు వెతుక్కుంటున్నారు. శ్రీనివాసరావు కుర్చీలో కూలబడి, "సరే, కొత్తది ఇప్పిస్తా" అని గొణిగాడు.

పక్కనున్న గుమాస్తాకే అది వినబడలేదు. కానీ దిగొచ్చిన మొహం ఎలా ఉంటుందో ఇన్నేళ్లు బేరాలాడిన చిట్టెమ్మకు ఒకరు చెప్పాలా?

"శానా సంతోసమండీ" అంటూ ఖాళీ అయిన బల్ల మీద తీరుబడిగా కూర్చుంది. "సంతకం ఎట్టెయ్యండి, అందాకా ఇక్కడే ఉంటాను."