తిరగేసిన మూత

మొన్న హెర్న్‌డన్‌లో ఒక యాంటిక్ షాపులో మా ఇంటి కలశాల్లాంటివే కనిపించాయి. తెల్ల పాలరాయి, రెండు పక్కలా బంగారు పూత పూసిన కంచు పొట్టేలు తలలు.

ఎనభైల్లో ఇక్కడ అమెరికాలో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, సోఫాకి ప్లాస్టిక్ కవర్ వేసి, గెస్టులొస్తే తప్ప ఎవరూ కూర్చోని ముందు గది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ముందు గదికి ఆ జతే అందం. పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మితే నాన్న కొన్నారు. ఫ్రెంచివని వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు.

ఒక దీపావళికి అమ్మ వాటి మూతలు తిరగేసి, అడుగున ఉన్న గుంటల్లో నెయ్యి పోసి వత్తులు వెలిగించింది. "యాంటిక్‌ని ప్రమిద చేశావా?" అని నాన్న అంకుల్స్, ఆంటీల ముందే విసుక్కున్నారు. మర్నాడు మూతలు గ్లూ పెట్టి అతికించేశారు. అవి ఇప్పటికీ వాళ్ల హాల్లో అలాగే ఉన్నాయి.

మొన్న ఆ షాపాయన మూత తీసి, తిరగేసి పెట్టి, గుంటలో కొవ్వొత్తి నిలబెట్టి చూపించాడు. దాన్ని చేసిందే అందుకట.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"ఊరికే గుంట ఎందుకు పెడతారే," అంది. మళ్లీ తనే, "మీ నాన్నకి చెప్పకు. ఈ వయసులో గ్లూ గీకుతూ కూర్చుంటారు."