గోదావరి దాటితే వచ్చే జైపూర్

1968 మార్చి 11, సోమవారం, ఉదయం ఎనిమిది గంటలు. రామగుండం స్టేషనులో నా పక్కన కూర్చున్న ఒక స్త్రీ, తన భర్త ఒక మేస్త్రీ వెంట జైపూర్‌కు రాళ్లపనికి వెళ్లి తిరిగి రాలేదని చెప్పింది. గోదావరి దాటితే వచ్చే మన జైపూర్‌లో ఆమె ఇల్లిల్లూ తిరిగి అడిగిందట.

"నెలకోసారన్న వస్తవా అంటే, రెండు దినాల రైలు, ఎట్ల వస్త అన్నడు తమ్మీ. గింత దూరానికి రెండు దినాలా, కల్లు ఎక్కువైందా అని నవ్విన."

మా ఇంట మొదటి పట్టభద్రుడిని నేను. తెలిసినది చెప్పడం ధర్మమనుకున్నాను.

"అక్కా, రాజస్థాన్‌లో ఇంకొక జైపూర్ ఉన్నది. రెండు రోజుల ప్రయాణమే. చాలా పెద్ద నగరం."

"మంచిర్యాలంత ఉంటదా?"

"మంచిర్యాల అందులో ఒక మూలకు సరిపోతుంది."

"గట్లయితే ఆడ ఎవల్ని అడగాలె?" అన్నది ఆమె.

గోదావరి దాటి మంచిర్యాల వెళ్లే బండి రాగానే ఆమె లేచింది.

"అక్కా, ఆ ఊళ్లో ఆయన లేడు కదా!"

"లేడు తమ్మీ. గీ జైపూర్‌ల అడిగితే, లేడని చెప్పెటోళ్లన్న ఉంటరు."

ఆమె బండి ఎక్కింది.

తరువాత నేను భూగోళం బోధించే ఉపాధ్యాయుడినయ్యాను. రాజస్థాన్ రాజధాని పేరును మాత్రం పిల్లల చేతనే చెప్పిస్తాను.