దవడల ప్లేటు

మాది మహేశ్వరం దిక్కు ఊరు. శంషాబాద్‌ల ఎయిర్‌పోర్టు పక్కన ఒక గోదాంల హమాలీ పని చేస్త. గుట్కా తిని తిని దవడకు క్యాన్సర్ వస్తే, పోయినేడు దవాఖానల ఎముక కోసి, ఆ జాగల లోహపు ప్లేటు పెట్టి స్క్రూలు బిగించిన్రు.

ఎనిమిది నెలలకు మళ్ల డ్యూటీకి పోయిన. గేటు కాడ కొత్త గార్డు చెకింగ్ మిషన్ ఒళ్లంత తిప్పిండు. చెంప కాడికి రాంగనే అది కుయ్యిమని మొత్తుకుంది.

"నోట్ల ఏం దాచినవ్? గుట్కా ప్యాకెటా? ఉమ్మెయ్!" అన్నడు.

"ఏం లేదు సార్, దవడల ప్లేటున్నది" అన్న. ఆపరేషనైనంక నా మాట ముద్దముద్దగ వస్తది, అచ్చం గుట్కా నములుకుంట మాట్లాడినట్టే. ఆయన నమ్మలే. ఎనుక లైన్ల నిలబడ్డోళ్లు నవ్విన్రు. ఇగ ఓపిక లేక కాలర్ కిందికి గుంజి, చెవి నుంచి గొంతు దాంక ఉన్న కోత చూపించిన. నవ్వులు ఆగినయ్.

"పో అన్నా" అన్నడు గార్డు, మొఖం పక్కకు తిప్పుకొని.

పదేండ్లు అదే గేటు కాడ, దవడల గుట్కా పెట్టుకొని "ఏం లేదు సార్" అంటే అందరు నమ్మిన్రు. ఇప్పుడు గార్డు మారినప్పుడల్ల, అడగకముందే కాలర్ గుంజి నిలబడుత.